వీల్ స్పానర్ మీద ఎవరెక్కాలి? వీల్ నట్లపై పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల టైర్లలో గాలి ఎంతుండాలో రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో గాలి గురించి అడిగినవి తక్కువ, నట్ల గురించి అడిగినవి ఎక్కువ. ఒకాయన ఏకంగా విరిగిన స్టడ్ (చక్రం దగ్గర నట్టు ఎక్కే మర కడ్డీ) ముక్కని అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి పంపాడు, కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. అర్థమైంది. ఈ నెల మొత్తం నట్లూ బోల్టులే.

ప్రశ్న (విజయవాడ): నెల క్రితం నాలుగు కొత్త టైర్లు వేయించాను. మొన్న హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక పంచర్. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కానీ నట్లు ఊడవు! స్పానర్ మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు. చివరికి లారీ వాళ్లు ఆగి, స్పానర్‌కి పొడవాటి పైపు తొడిగి ఊడదీశారు. టైర్ల షాపుకెళ్లి అడిగితే "గట్టిగా ఉండాలి కదా సార్, సేఫ్టీ" అన్నాడు. నిజమేనా?

జవాబు: సేఫ్టీ కాదండీ, ఆ కుర్రాడి చేతిలో నట్లు బిగించే ఎయిర్ గన్ ఉంది, నొక్కడం సుఖంగా ఉంది, అంతే. కుర్రాణ్ణని ఏం లాభం, రోజుకి ఇరవై కార్లు చూసేవాడికి ఎవరూ లెక్క నేర్పలేదు.

నట్టు బిగిస్తే లోపల స్టడ్ సాగుతుంది. అవును, ఇనుమే, వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది వెనక్కి రావాలని చూస్తుంది కాబట్టి, ఆ లాగుడే రిమ్మును హబ్బుకి, అంటే కారు వైపు చక్రాన్ని తగిలించే తిరిగే భాగానికి, అదిమి పట్టుకుంటుంది. కారు బరువంతా ఆ నాలుగు స్టడ్లే మోస్తున్నాయని చాలామంది అనుకుంటారు, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నా. సరిగ్గా బిగించిన చక్రంలో రిమ్ము ముఖం హబ్బు ముఖానికి ఎంత గట్టిగా అతుక్కుంటుందంటే, ఆ రెండింటి మధ్య రాపిడే బరువునీ బ్రేకునీ గుంతల్నీ కాస్తుంది. స్టడ్ల పని ఆ పట్టు వదలకుండా చూడటం.

మరి ఇంకా బిగిస్తే ఇంకా మంచిదే కదా అంటారు. చిన్నప్పుడు బాల్ పెన్నులోంచి స్ప్రింగు తీసి లాగి పాడుచేయని వాళ్లెవరుంటారు? కొంతవరకు లాగితే తిరిగి వస్తుంది, హద్దు దాటితే సాగి అలాగే ఉండిపోతుంది, ఇక దానికి పట్టు ఉండదు. స్టడ్ కూడా అంతే. అతిగా బిగించిన నట్టు చూడ్డానికి బిగుతుగానే ఉంటుంది, లోపల స్టడ్ మాత్రం చచ్చుబడి ఉంటుంది, మళ్లీ ఎప్పుడో ఊడదీసేటప్పుడో బిగించేటప్పుడో పుటుక్కుమంటుంది.

ఇంకో నష్టం నా సొంత కారుకే జరిగింది. ఒక షాపులో (పేరెందుకు లెండి) టైర్లు రొటేషన్ చేయించాను, గన్‌తో ఒక నట్టు ఎక్కువ, ఇంకోటి తక్కువ బిగించాడు, వరస కూడా పాటించలేదు. రెండు నెలలకి ఎనభై స్పీడులో బ్రేకు మీద కాలు పెడితే పెడల్ వణకడం మొదలైంది. డిస్కులు అరిగాయేమో అని అవి మార్పించబోయాను. అసలు సంగతి ఏంటంటే నట్లు ఎగుడుదిగుడుగా బిగిస్తే రిమ్ముకీ హబ్బుకీ మధ్యలో ఉన్న బ్రేకు డిస్కు కూడా ఆ లాగుడుకి కొంచెం వంకర తిరుగుతుంది, తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకి ఒకచోట మందంగా ఒకచోట పలచగా అరుగుతుంది. అప్పుడు వణుకు. బ్రేకుల తప్పు కాదది, నట్ల తప్పు.

ఇక ఎంత బిగించాలి అన్నదానికి కొలత ఉంది, మీ కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో రాస్తారు. మీటరు పొడవున్న కర్ర చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే అవతలి కొసన ఎంత తిప్పే బలం వస్తుందో అది సుమారు 98 న్యూటన్ మీటర్లు. మన కార్లన్నీ ఇంచుమించు అక్కడక్కడే ఉంటాయి. మారుతి చిన్న కార్లకి మోడల్‌ని బట్టి 85 లేదా 100, టయోటాలో చాలావాటికి 103, హోండాకి 108, హ్యుందాయ్ కొత్త కార్లకి 107 నుంచి 127, ఫోక్స్‌వాగన్ పోలో లాంటివాటికి 120. నా మాట నమ్మి బిగించకండి, మీ పుస్తకం తెరిచి చూడండి. అది డాష్‌బోర్డు అరలోనే కవర్ కూడా విప్పకుండా ఉంటుందని నాకు తెలుసు.

ఇప్పుడు మీ సంగతి. మీ బరువు 80 కిలోలు, స్పానర్ పాతిక సెంటీమీటర్లు అనుకుందాం. దాని చివర మీరు ఊరికే నిలబడితేనే 196 న్యూటన్ మీటర్లు. దానికీ కదల్లేదంటే ఆ గన్ కుర్రాడు ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు పెట్టాడన్నమాట. ఇంటికెళ్లాక నాలుగు చక్రాల నట్లూ వదులు చేయించి కొలత ప్రకారం మళ్లీ బిగింపించండి. ఊడదీసేటప్పుడు ఏ స్టడ్ మీదైనా నట్టు చేత్తో సాఫీగా తిరక్కపోతే, మర నలిగినట్టు కనిపిస్తే, ఆ స్టడ్ మార్పించేయండి. పెద్ద ఖర్చేం కాదు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): నేను రోజూ కాకినాడ కాలేజీకి ఒక్కదాన్నే కారులో వెళ్లివస్తాను. హ్యుందాయ్ చిన్న కారు. మా ఆయన "నీకు బలం చాలదు, పంచరైతే నాకు ఫోన్ చెయ్యి" అంటారు. యాభై కిలోల మనిషిని, కారుతో వచ్చిన చిన్న స్పానర్‌తో నేను బిగిస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే లెక్క మీ పక్షానే ఉంది. యాభై కిలోలు, పాతిక సెంటీమీటర్ల స్పానర్. గుణిస్తే 122 న్యూటన్ మీటర్లు. మీ కారు పుస్తకంలో 107 నుంచి 127 అని ఉందనుకోండి, మీరు స్పానర్ చివర మీద మెల్లగా నిలబడితే అచ్చంగా సరిపోయే బలం! మీ ఆయన నిలబడితే ఎక్కువైపోతుంది, ఆయన చేత్తోనే నొక్కాలి. ఈ ముక్క ఆయనకి చదివి వినిపించండి. (మీ స్పానర్ పొడవు టేపుతో కొలవండి, నట్టు మధ్య నుంచి మీ కాలు పడే చోటు దాకా. పాత మోడల్ అయితే 88 నుంచి 107 అని ఉండొచ్చు, అప్పుడు మీరు కూడా అయిదో వంతు బరువు చేతులతో కారు మీద ఆనించి తొక్కాలి.)

నిలబడటం అంటే నిలబడటమే, ఎగిరి దూకడం కాదు. దూకితే లెక్కంతా పోతుంది, స్పానర్ జారితే మోకాలు కూడా పోతుంది.

ఒక చిన్న కిటుకు ఉంది, ఎవరూ చెప్పరు. బిగించేటప్పుడు స్పానర్ పిడి మీ కుడిచేతి వైపుకి, నేలకి సమాంతరంగా ఉండేలా నట్టుకి తగిలించండి. గడియారంలో మూడు గంటల ముల్లులాగా. అప్పుడు కిందికి తొక్కితే బిగుస్తుంది. ఊడదీయాలంటే పిడి ఎడమవైపుకి, తొమ్మిది గంటల దగ్గర, మళ్లీ కిందికే తొక్కాలి. రెండిటికీ పైకి లాగే పనే లేదు, నడుం పట్టేయదు.

క్రమం మాత్రం తప్పొద్దు. కారు చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, మార్చే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రం కింద రాయి పెట్టండి. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేసుకోవాలి, గాల్లో ఉన్న చక్రం మీద బలం పెడితే కారు జాకీ మీద నుంచి జారుతుంది, ఇది నిజంగా ప్రాణాల మీదకొచ్చే తప్పు. స్టెప్నీ ఎక్కించాక అన్ని నట్లూ ముందు చేత్తో తిప్పండి, స్పానర్‌తో మొదలుపెట్టొద్దు. మర అడ్డంగా పడితే చేతికి వెంటనే తెలుస్తుంది, స్పానర్‌కి తెలియదు. చేత్తో పోయినంత పోయాక స్పానర్‌తో కొంచెం, రిమ్ము హబ్బుకి ఆనుకునేంత వరకే. అప్పుడు జాకీ దించి, చక్రం నేలకి తాకాక అసలు బిగింపు.

నాలుగు నట్లయితే ఒకదాని తర్వాత దాని ఎదురుగా ఉన్నది. అయిదైతే చిన్నపిల్లలు చెయ్యి ఎత్తకుండా నక్షత్రం గీస్తారు చూడండి, ఆ వరసలో. ఒకేసారి పూర్తిగా కాకుండా, మొదటి దఫా సగం, రెండో దఫా పూర్తిగా. మొదటి నట్టునే పూర్తిగా బిగించేస్తే రిమ్ము ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది, మిగతావి ఎంత బిగించినా ఆ వంకర అలాగే ఉంటుంది.

నట్టుకి సన్నబడే వైపు ఉంటుంది, అది లోపలికి, రిమ్ము వైపుకి ఉండాలి. కంగారులో తిరగేసి పెట్టిన వాళ్లని చూశాను, అందుకే చెప్తున్నా. దారిలో మొదటి మంచి షాపు కనపడితే టార్క్ రెంచ్‌తో (మనం పెట్టిన అంకె దాకా బిగియగానే టక్కుమనే స్పానర్) ఒకసారి చూడమనండి.

ప్రశ్న (స్టుట్‌గార్ట్, జర్మనీ): మేమిద్దరం ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాం. పాత ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారు కొన్నాం. ప్రతి అక్టోబర్‌లో చలికాలం టైర్లు వేయించడానికి, మళ్లీ ఈస్టర్‌కి తీయించడానికి డబ్బు దండగ అని ఈసారి రిమ్ములతో సహా రెండో సెట్ కొని మేమే మారుద్దామనుకుంటున్నాం. ఇక్కడ నట్లు కాదు, బోల్టులు. సూపర్‌మార్కెట్‌లో టార్క్ రెంచ్ కొన్నాం. బోల్టులకి గ్రీజు పెట్టాలా? నాన్నగారు పెట్టమంటున్నారు, మన ఊళ్లో పెడతారట.

జవాబు: నాన్నగారికి నమస్కారం చెప్పి, గ్రీజు డబ్బా మాత్రం లోపల పెట్టేయండి.

కారణం చెప్తాను. మనం రెంచ్‌తో పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, ఇంకో నలభై శాతం మరల్లో రాపిడికి. బోల్టుని నిజంగా సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన పది శాతం. కంపెనీ వాళ్లు కొలత ఇచ్చేటప్పుడు పొడి, శుభ్రమైన మరలని అనుకుని ఇస్తారు. మీరు గ్రీజు రాస్తే రాపిడి పడిపోతుంది, రెంచ్ అదే అంకె దగ్గర టక్కుమంటుంది కానీ బోల్టు మాత్రం ఎంతో ఎక్కువ సాగిపోయి ఉంటుంది. అంకె కరెక్టు, బిగింపు తప్పు. నాన్నగారి ఉద్దేశం తుప్పు పట్టకూడదనే, దానికి వైర్ బ్రష్ చాలు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి మీకక్కడ తుప్పు ఎక్కువే. రిమ్ము హబ్బుని తాకే ముఖాన్ని, హబ్బు ముఖాన్ని రెండిటినీ బ్రష్‌తో మెరిసేలా గీకండి, పొలుసులాంటి తుప్పు మధ్యలో ఉంటే ఈ రోజు బిగుతుగా అనిపిస్తుంది, వంద కిలోమీటర్లకి అది నలిగి పొడైపోయి బోల్టు వదులవుతుంది. మరీ కావాలంటే హబ్బు మధ్యలో గుండ్రంగా పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, దాని మీద మాత్రం పలచగా రాయండి, వచ్చే ఏడాది రిమ్ము అతుక్కుపోకుండా ఉంటుంది.

బోల్టులకీ నట్లకీ తేడా మొదటిసారి చక్రం ఎక్కించేటప్పుడు తెలిసొస్తుంది. స్టడ్లుంటే రిమ్ముని వాటికి తగిలించి వదిలేయొచ్చు. బోల్టుల కారులో తగిలించడానికి ఏమీ ఉండదు, పదిహేను కిలోల చక్రాన్ని ఒడిలో పెట్టుకుని కన్నాలు కలిపి ఒంటిచేత్తో బోల్టు దూర్చాలి. చిన్న గైడ్ పిన్ దొరుకుతుంది, ముందు దాన్ని పైకన్నంలో తిప్పి, రిమ్ము దానికి వేలాడదీసి మిగతా బోల్టులు పెట్టుకుని చివర్లో పిన్ తీసేయండి. ఇద్దరున్నారు కాబట్టి అదీ అక్కర్లేదేమో, కానీ పెళ్లయిన వాళ్లు కలిసి టైరు మార్చడం గురించి నాకు వేరే అభిప్రాయాలున్నాయి.

మీ ఉత్తరంలో నాకు నిజంగా భయం వేసిన మాట "రెండో సెట్ కొని". ఆ రిమ్ములు ఫోక్స్‌వాగన్‌వేనా, బయటివా? గోల్ఫ్ ఒరిజినల్ బోల్టు తల కింద గోళీలా గుండ్రంగా ఉంటుంది. బయటి కంపెనీ అల్లాయ్‌లకి చాలావాటికి గరాటులా ఏటవాలుగా ఉండే బోల్టు కావాలి. గుండ్రటి దాన్ని గరాటు కన్నంలో పెడితే సన్నటి గీతలా ఒకచోటే ఆనుతుంది, 120 దగ్గర రెంచ్ టక్కుమంటుంది, మీరు సంతోషిస్తారు, నాలుగు రోజులకి అది వదులైపోతుంది. కాబట్టి రిమ్ముతో పాటు దానికి చెప్పిన బోల్టులే వాడండి. పొడవు కూడా చూసుకోవాలి, పట్టు తగిలే లోపు కనీసం ఏడెనిమిది చుట్లు తిరగాలి. అంతకంటే తక్కువైతే ఆ బోల్టు పొట్టిది. మరీ పొడవైతే వెనక బ్రేకు భాగాలకి తగిలే ప్రమాదం ఉంది.

రెంచ్ వాడకం గురించి కూడా. గోల్ఫ్‌కి మామూలుగా 17 సైజు సాకెట్, 120 న్యూటన్ మీటర్లు, అయినా మీ పుస్తకంలో చూసుకోండి. రెంచ్ మీద రెండు స్కేళ్లుంటాయి, ఒకటి న్యూటన్ మీటర్లు, ఇంకోటి ఫుట్ పౌండ్లు. పొరపాటున రెండో దాంట్లో 120 పెడితే అది 163 న్యూటన్ మీటర్లవుతుంది! మెల్లగా, ఆగకుండా లాగండి, టక్ అనగానే ఆపేయండి. నమ్మకం కుదరక ఇంకో రెండుసార్లు టక్ టక్ అనిపించేవాళ్లున్నారు, ప్రతి టక్కుకీ కొంచెం ఎక్కువ బిగుస్తుంది. దాంతో బోల్టులు ఊడదీయకండి, దానికి మామూలు స్పానర్ ఉంది. పని అయ్యాక స్కేలుని అన్నిటికంటే తక్కువ అంకెకి తిప్పి పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు నొక్కుకుని ఉండి కొన్నాళ్లకి అబద్ధం చెప్తుంది.

ప్రతి చక్రానికీ ఒక దొంగ బోల్టు ఉంటే, అంటే దొంగలు విప్పకుండా పెట్టేది, దాని తాళం లాంటి ముక్క కారులోనే ఉందో లేదో అక్టోబర్‌కి ముందే వెతుక్కోండి. పాత కారు అన్నారు కాబట్టి చెప్తున్నా. ఇంకోటి, టైరు మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ ఉండాలి, 2024 అక్టోబర్ నుంచి మీ దగ్గర ఆ బొమ్మ లేని టైరుని చలికాలం టైరుగా ఒప్పుకోవడం లేదు.

ప్రశ్న (హనుమకొండ): టైర్లు మార్పించిన మూడో రోజు నుంచి మెల్లగా పోయేటప్పుడు ముందు ఎడమవైపు టక్ టక్ అంటోంది. ఆదివారం చూపిద్దామనుకుంటున్నా.

జవాబు: ఆదివారం దాకా ఆగకండి. ఇది చదువుతున్నది ఏ వారమైనా సరే, కిందికి దిగి చూడండి. నట్లు వదులైతే మొదట వచ్చే చప్పుడు ఇదే, ఆ తర్వాత స్టీరింగ్ వణుకు, ఆ తర్వాత చక్రం మనకంటే ముందు వెళ్తుంది. వదులుగా కొంత దూరం తిరిగి ఉంటే బిగించేసి ఊరుకోవద్దు, రిమ్ము విప్పి కన్నాలు చూడండి. గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా అయితే ఆ రిమ్ము, ఆ చక్రం స్టడ్లన్నీ మార్చాల్సిందే.

ప్రశ్న (అనంతపురం): రోడ్డు పక్కన టైరు మారుస్తుంటే నట్లు నాలుగూ మురిక్కాల్వలో పడ్డాయి. (నవ్వకండి.) ఏం చేసి ఉండాల్సింది?

జవాబు: నవ్వాను, క్షమించండి. మిగతా మూడు చక్రాల నుంచి తలా ఒక నట్టు తీసి ఇక్కడ పెట్టాలి, అన్నిటికీ మూడేసి వస్తాయి. నలభై దాటకుండా దగ్గరి షాపు దాకా, అంతే. ఇక ముందు నట్లు విప్పి డిక్కీలో పడేయండి, నేల మీద కాదు.

ప్రశ్న (కర్నూలు): నాకు డెబ్బై ఆరేళ్లు. మా నాన్నగారి జీపుకి ఎడమవైపు చక్రాల నట్లు తిరగేసి తిప్పాలని ఆయన చెప్పేవారు. మా మనవడు నమ్మడం లేదు.

జవాబు: మనవడు మీకు కాఫీ ఇప్పించాలి. విల్లీస్ జీపుల్లో ఎడమవైపు స్టడ్లకి ఎడమ మర ఉండేది, స్టడ్ కొసన ఇంగ్లీషు 'ఎల్' అక్షరం కొట్టి ఉండేది. చక్రం తిరిగే దిశకి నట్టు దానంతటదే విప్పుకోకుండా అని. ఏటవాలు నట్టు సరైన కొలతకి బిగిస్తే ఆ బెంగ అక్కర్లేదు, అందుకే ఇప్పటి కార్లలో రెండు వైపులా కుడి మరే. ఆ జీపు ఇంకా ఉంటే పంచర్ షాపులో వదిలేసి టీకి వెళ్లకండి, కొత్త కుర్రాడు గన్ పెట్టి ఊడదీస్తున్నా అనుకుంటూ బిగిస్తూనే ఉంటాడు.

ప్రశ్న (నిజామాబాద్): షాపువాళ్లు బిల్లు మీద "50 కిలోమీటర్ల తర్వాత వచ్చి నట్లు చెక్ చేయించుకోండి" అని ముద్ర వేశారు. మళ్లీ డబ్బు గుంజే ఎత్తా?

జవాబు: కాదండీ, అది మంచి షాపు, వదులుకోకండి. కొత్త రిమ్ము మీది పెయింటు, సందులో ఉన్న దుమ్ము, తుప్పు మొదటి యాభై వంద కిలోమీటర్లలో నలిగి సర్దుకుంటాయి, ఆ సర్దుకున్న మేరకు బోల్టు సాగుడు తగ్గుతుంది. వెళ్లండి, కానీ హైవే దిగి నేరుగా కాకుండా చక్రాలు చల్లబడ్డాక. టార్క్ రెంచ్‌తోనే చూడమనండి, గన్ తీస్తే వద్దనండి. రెంచ్ వెంటనే టక్ అంటే సరే. పావు చుట్టు తిరిగాక అంటే ఇంకో యాభై కిలోమీటర్లకి మళ్లీ చూపించుకోండి, అప్పుడు కూడా తిరిగితే ఆ చక్రం విప్పించి హబ్బు ముఖం మీద ఏముందో చూడమనండి.